బ్రేకు కారే తొక్కితే, వెనకాల వచ్చే ఆటో సంగతేంటి?

ప్రశ్న: మాది గుంటూరు, విద్యానగర్. విజయవాడలో ఒక కాలేజీలో లెక్చరర్‌ని. వారానికి ఐదు రోజులు మంగళగిరి మీదుగా సొంత కారులో వెళ్లి వస్తుంటాను. పదకొండేళ్ల పాత కారు మార్చాలనుకుంటున్నాం. బెంగళూరులో ఉన్న మా అబ్బాయి "అమ్మా, అడాస్ ఉన్న టాప్ మోడలే తీసుకో, దానంతటదే బ్రేకు వేసుకుంటుంది" అంటున్నాడు. అడాస్ అంటే డ్రైవర్‌కు సాయం చేసే ఎలక్ట్రానిక్ ఏర్పాట్లట. ధరలో తేడా రెండున్నర లక్షల దాకా ఉంది. మావారు "డ్రైవింగ్ రానివాళ్లకి అవన్నీ, ముప్పై ఏళ్లుగా నడుపుతున్నాం, మనకెందుకు" అంటారు. మా కొలీగ్ అయితే "అది సడన్ బ్రేక్ వేస్తే వెనకాల వచ్చే ఆటో తిన్నగా నీ డిక్కీలోకి దూరుతుంది" అని భయపెట్టింది. టెస్ట్ డ్రైవ్‌లో చుట్టుగుంట దగ్గర ఒక బైకు అడ్డం రాగానే కారు గట్టిగా అరిచి బ్రేకు వేసేసింది. గుండె జారిపోయింది. త్వరలో అన్ని కార్లకూ ఇది తప్పనిసరి చేస్తారని కూడా విన్నాను. అందాకా ఆగమంటారా? ఇప్పుడే తీసుకోమంటారా? — ఒక పాఠకురాలు

జవాబు: మేడమ్ గారూ, ముందు జవాబు చెప్పేసి తరవాత కారణాల్లోకి వస్తాను. డబ్బు కుదిరితే ఆ బ్రేకు ఉన్న మోడలే తీసుకోండి. తప్పనిసరి అయ్యేదాకా ఆగొద్దు. మీ కొలీగ్ మాటలో నిజం ఉంది, కానీ సగమే. మీ వారి మాటతోనే నాకు పేచీ.

చుట్టుగుంట సంగతి రాశారు కానీ ఒక ముఖ్యమైన ముక్క రాయలేదు. కారు అరిచినప్పుడు మీ కాలు ఎక్కడుంది? బ్రేకు మీదికి వచ్చేసిందా, ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉందా? ఈ ఏర్పాటు ముందు అరుస్తుంది. మీరు కదిలితే సరే, కదలకపోతేనే తను కల్పించుకుంటుంది. మీ కాలు అప్పటికి ఇంకా కదల్లేదంటే ఆ రోజు అది మీకు మేలే చేసింది. అలా కాకుండా ఆ బైకు అబ్బాయి జానెడు సందులో జారుకునే రకమైతే, మీకు అది రోజూ చూసేదే, కారుకు మాత్రం అది గుద్దుకోబోవడం కిందే లెక్క. మన ఊరి బైకుల వాళ్ల ధైర్యం ఇంకా దాని లెక్కలోకి ఎక్కలేదు. చాలా కార్లలో హెచ్చరిక ముందుగా రావాలా, ఆలస్యంగా రావాలా అన్నది స్క్రీన్ మీద మార్చుకోవచ్చు. ఊళ్లో ఆలస్యంగా పెట్టుకుంటే అరుపులు తగ్గుతాయి. షోరూమ్ కుర్రాళ్లు ఇది చెప్పరు, ఎందుకంటే వాళ్లలో చాలామంది ఆ మెనూలోకి వెళ్లి ఉండరు.

ఇది ఎలా పనిచేస్తుందో తెలిస్తే సగం భయం పోతుంది. ముందు అద్దం పైభాగాన, లోపలి మిర్రర్ వెనక ఒక కెమెరా ఉంటుంది. బంపర్‌లోనో గ్రిల్లు వెనకో ఒక రాడార్ ఉంటుంది. కొన్ని మోడళ్లలో కెమెరా ఒక్కటే. ఇది లారీ, ఇది మనిషి, ఇది బైకు అని గుర్తుపట్టడం కెమెరా పని. అది ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా దానికి దగ్గరవుతున్నాం అన్నది కొలవడం రాడార్ పని. దూరాన్ని ఆ వేగంతో భాగిస్తే ఇంకెన్ని సెకన్లలో గుద్దుకుంటామో తేలుతుంది. మన మెదడు కూడా వేసేది ఈ లెక్కే. కాకపోతే మన మెదడుకి దిద్దాల్సిన పేపర్లు, గ్యాసు కట్టి వచ్చానా లేదా అన్న అనుమానం, ఇంకా నలభై గొడవలు ఉంటాయి.

మీరు నంబూరు దాటి 80లో వస్తున్నారనుకోండి. ఆ వేగంలో కారు సెకనుకు 22 మీటర్లు పోతుంది. అంటే దాదాపు రెండు ఆర్టీసీ బస్సుల పొడవు. ముందు లారీ ఆగిందని మీ కంటికి కనపడి, కాలు బ్రేకు మీదికి వచ్చేసరికే ఒక సెకను అయిపోతుంది. ఆ తరవాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, బ్రేకు పూర్తిగా నొక్కితే ఇంకో 35 మీటర్లు. మొత్తం 57. ఈ బ్రేకు మిగిల్చేది ఆ మొదటి 22 మీటర్లలో కొంత భాగాన్ని. కొన్నిసార్లు పూర్తిగా ఆపలేదు కూడా. ఆపలేకపోయినా, 80లో తగలాల్సింది 40లో తగిలితే దెబ్బలోని శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్దాసుపత్రికి పోవాల్సిన వాళ్లు కట్టు కట్టించుకుని ఇంటికొస్తారు.

ఇక మీ కొలీగ్ చెప్పిన ఆటో. ఈ అనుమానం మనది మాత్రమే కాదు. అమెరికాలో బీమా కంపెనీల డబ్బుతో నడిచే రహదారి భద్రతా సంస్థ ఐఐహెచ్ఎస్ 2017లో పోలీసు రికార్డులు తిరగేసి చూసింది. హెచ్చరికా, ఆటోమేటిక్ బ్రేకూ రెండూ ఉన్న కార్లు ముందు బండిని వెనకనుంచి గుద్దడం 50 శాతం తగ్గింది. అలా గుద్దినప్పుడు ఎవరో ఒకరికి దెబ్బలు తగిలిన ప్రమాదాలు 56 శాతం తగ్గాయి. అదే లెక్కల్లో, ఆ కార్లను వెనకాల వాళ్లు గుద్దడం 20 శాతం పెరిగింది. అంటే మీ కొలీగ్ ఊహ కాకిలెక్క కాదు. ఆ పెరిగిన అంకెను అమ్మేవాళ్లు చెప్పరు, తగ్గినవాటిని వద్దనేవాళ్లు చెప్పరు.

అయినా నేను తీసుకోమనే అంటాను. కారు దానంతటదే గట్టిగా బ్రేకు వేసే పరిస్థితి ఎప్పుడొస్తుంది? ముందు ఏదో ఉంది, మీరు ఆగలేదు, ఇంకో సెకనులో గుద్దేస్తారు అన్నప్పుడు. అప్పుడు బ్రేకు పడకపోతే మీరు లారీ వెనక భాగాన్ని గుద్దుతారు. పైగా లారీని గుద్ది అక్కడికక్కడే ఆగిపోయిన కారును ఆ వెనకాల ఆటో ఎలాగూ వదలదు. వెనకనుంచి తగిలే దెబ్బకు డిక్కీ ఉంది, సీటు ఉంది, తల వెనక హెడ్‌రెస్ట్ ఉంది. అది చెవుల ఎత్తుకి ఉండేట్టు సర్దుకోండి. చాలామంది దాన్ని మెడ దగ్గరే వదిలేస్తారు. ముందు లారీ కిందికి దూరితే బోనెట్ లోపలికి పోయి దెబ్బ తిన్నగా అద్దం ఎత్తులో తగులుతుంది. ఆ రెంటికీ పోలిక లేదు.

ఆటో ముప్పు తగ్గించుకునే దారి కూడా మన చేతుల్లోనే ఉంది, అదీ కారులో కాదు, గ్యాప్‌లో. ముందు బండికీ మీకూ మధ్య మూడు సెకన్ల దూరం ఉంటే ఈ బ్రేకుకు పని పడటం అరుదు. బెంజ్ సర్కిల్ దగ్గరో, రామవరప్పాడు రింగ్ దగ్గరో ఆ గ్యాప్ వదిలితే ఇద్దరు బైకుల వాళ్లు, ఒక షేర్ ఆటో వచ్చి సర్దుకుంటారని నాకూ తెలుసు. అక్కడ వేగమూ తక్కువే, పోనీయండి. పెదకాకాని నుంచి తాడేపల్లి దాకా మాత్రం పట్టుదలగా వదలండి. ముందు ట్రాఫిక్ మందగిస్తోందని కనపడగానే బ్రేకు మీద కాలు ఆనించి వెనకవాడికి ఎర్ర లైటు చూపించండి. 2017 నాటి మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల ప్రకారం ముందు బండి హఠాత్తుగా ఆగినా తగలనంత దూరం పాటించాల్సిన బాధ్యత వెనకవాడిదే. ఆ మాట రోడ్డు మీద ఆటో అతనికి చెప్పి ఒప్పించలేం కాబట్టి, వెనక కూడా కెమెరా ఉన్న డాష్‌క్యామ్ ఒకటి పెట్టించుకోండి.

మీ వారి మాటకు వద్దాం. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లకే ఇది కావాలి. కొత్తగా నేర్చుకున్నవాళ్లు భయంతో కళ్లు పెద్దవి చేసుకుని నడుపుతారు. రోజూ అదే దారిన వెళ్లేవాళ్లకు కాజా టోల్‌గేటు ఎప్పుడు దాటామో గుర్తుండదు. మీరే చెప్పండి, ఎన్నిసార్లు కాలేజీ గేటు దగ్గరికి వచ్చాక "మంగళగిరి ఎప్పుడు దాటానబ్బా" అనుకున్నారు? చేయి తిరిగినతనానికి, మనసు పక్కకి పోవడానికి మధ్య పెద్ద దూరం లేదు. ఇది మీ వారికి నా మాటగా చెప్పకండి, మీ మాటగానే చెప్పండి. నేను చెప్తే కోపమొస్తుంది.

ఇప్పుడు అది చేయలేని పనుల గురించి. ఇక్కడ కొంచెం ఎక్కువ చెప్తాను, ఎందుకంటే కారు అమ్మేచోట దీని గురించి ఎవరూ మాట్లాడరు.

ఇది ఎక్కువగా నేర్చుకున్నది కారు వెనక భాగం, లారీ వెనక భాగం, నడిచే మనిషి, సైకిలు, బైకు. మన హైవే మీద వీటితోపాటు ఇంకా చాలా తిరుగుతాయి. మిర్చి సీజన్‌లో యార్డుకు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, పేర్చుకుని వెళ్లే ట్రాక్టర్ ట్రాలీ వెనక నుంచి చూస్తే బండిలా ఉండదు, గోనె సంచుల గోడలా ఉంటుంది. దానికి వెనక లైటు ఉంటే ఆశ్చర్యం. ట్రాలీ ఆటోలోంచి నాలుగు అడుగులు బయటికి పొడుచుకొచ్చిన ఇనుప ఊచలను రాడార్ పట్టించుకోకుండా వెనకున్న ఆటో బాడీని కొలిస్తే, ఆ నాలుగు అడుగులు మీ అద్దానివి. రోడ్డుకు అడ్డంగా నింపాదిగా వెళ్లే గేదెలను గుర్తుపడుతుందన్న నమ్మకం పెట్టుకోకండి. డివైడర్ పక్కన రాంగ్ రూట్‌లో ఎదురొచ్చే బైకు విషయంలో చాలా కార్లలో అది చేసేది అంతంతమాత్రమే. ఎదురెదురుగా వచ్చేటప్పుడు రెండు వేగాలూ కలిసి లెక్కకు సమయమే చిక్కదు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, రాత్రి వేళ రోడ్డు పక్కన సగం లేన్‌లోకి నిలిపేసిన లారీ. టైరు పంక్చరై ఉంటుంది, వెనక నాలుగు రాళ్లు, ఒక వేపకొమ్మ పెట్టి డ్రైవరు టీకి వెళ్లి ఉంటాడు. కదలకుండా ఉన్న వస్తువు విషయంలో రాడార్ తడబడటం పాత సమస్య. రోడ్డు పక్క స్తంభాలు, పైన బోర్డులు, ఫ్లైఓవర్ ఇనుము అన్నీ కదలనివే కదా, ప్రతిదానికీ బ్రేకు వేయకుండా ఉండాలని కొన్నిటిని వదిలేసేలా తయారు చేస్తారు. కొత్త కార్లలో కెమెరా తోడై ఇది చాలా మెరుగుపడింది. కానీ 100లో పోతూ చీకట్లో ఆగిన లారీని కారే చూసుకుంటుందనుకోవడం మాత్రం పొరపాటు.

చీకటి అన్నాను కాబట్టి ఇంకో లెక్క. అదే ఐఐహెచ్ఎస్ 2022లో పాదచారుల మీద చూసింది. మనుషుల్ని గుర్తుపట్టే బ్రేకు ఉన్న కార్లు పాదచారులను గుద్దడం మొత్తం మీద 27 శాతం తక్కువ. వీధి దీపాలు లేని చీకటి రోడ్ల మీద మాత్రం తేడా ఏమీ లేదు. మీరు సాయంత్రం ప్రాక్టికల్స్ అయ్యాక ఏడున్నరకి బయల్దేరితే సర్వీస్ రోడ్డు నుంచి హైవే దాటే మనుషుల్ని చూడాల్సింది మీ కళ్లే. ధనుర్మాసంలో పొద్దుటి మంచు, తుఫాను వాన, ఎదురుగా ఉదయించే ఎండ, ఇవన్నీ కెమెరాకు కూడా ఇబ్బందే. అలాంటప్పుడు చాలా కార్లు "సిస్టమ్ అందుబాటులో లేదు" అని స్క్రీన్ మీద చూపిస్తాయి. దాన్ని రిపేరు అనుకుని టెన్షన్ పడకండి, అది నిజం చెప్తోంది.

అడాస్ అనే పేరు కింద ఇంకా చాలా వస్తాయి. లైను దాటితే స్టీరింగ్ లాగేది మన ఊళ్లలో పెద్ద తలనొప్పి. గుంతను తప్పించబోతే అది మళ్లీ గుంతలోకే తోస్తుంది. గుంటూరులో, విజయవాడలో ఆపేసుకోండి, హైవే మీద కావాలంటే పెట్టుకోండి. ముందు బండిని బట్టి వేగం సర్దుకునే క్రూయిజ్ తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద బాగుంటుంది, అంతే. ఎమర్జెన్సీ బ్రేకును మాత్రం ఎప్పుడూ ఆపకండి. ఇవన్నీ ఉన్నా స్టీరింగ్ వదిలేసి కాళ్లు మడిచి కూర్చుని రీల్స్ తీసేవాళ్లను చూసే ఉంటారు. అమ్మేది సాయం చేసే ఏర్పాటు, డ్రైవర్ కాదు. ఇంకొక్క చిన్న విషయం: బ్రేకు వేసి కారు పూర్తిగా ఆగాక, ఒకటి రెండు సెకన్లలో చాలా కార్లు ఆ బ్రేకును వదిలేస్తాయి. మీ కాలు వెంటనే పెడల్ మీదికి రావాలి.

తప్పనిసరి సంగతి. ఇదేమీ నిన్న పుట్టిన వస్తువు కాదు, తక్కువ వేగంలో దానంతటదే ఆగే ఏర్పాటును వోల్వో 2008లోనే ఒక మోడల్‌లో మామూలుగా ఇచ్చింది. జపాన్‌లో 2021 నవంబరు నుంచి అక్కడ తయారయ్యే కొత్త మోడళ్లకు తప్పనిసరి. యూరప్‌లో 2022 జులైలో కొత్త మోడళ్లతో మొదలుపెట్టి 2024 జులై నుంచి అమ్మే ప్రతి కొత్త కారుకూ చేశారు. అమెరికా 2024 ఏప్రిల్‌లో రూలు ఖరారు చేసింది. దాని ప్రకారం 2029 సెప్టెంబరు నాటికి కొత్త కార్లు గంటకు 62 మైళ్ల దాకా, అంటే సుమారు 100 కిలోమీటర్ల వేగం దాకా, ముందు బండిని గుద్దకుండా ఆగాలి. మనుషుల్ని పగలే కాదు, రాత్రి కూడా గుర్తుపట్టాలి.

మన దగ్గర కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2025లో ఇచ్చిన ముసాయిదా బస్సులు, లారీలు, ఎనిమిది మంది కంటే ఎక్కువ ప్రయాణికులు ఎక్కే బండ్ల గురించి. మీరు కొనే ఐదు సీట్ల కారు అందులో లేదు. కాబట్టి ఆగితే ఎంతకాలమో తెలియని ఎదురుచూపే. ఆరు ఎయిర్‌బ్యాగుల కథ గుర్తుందా? 2023 అక్టోబరు నుంచి తప్పనిసరి అన్నారు. ఆ సెప్టెంబరులోనే గడ్కరీ గారు తప్పనిసరి చేయబోమని చెప్పేశారు. చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ బ్రేకులు 2019 ఏప్రిల్‌లో అన్ని కార్లకూ వచ్చాయంటే, దాని వెనక ఎన్నేళ్ల ముచ్చట్లు ఉన్నాయో.

నన్నడిగితే పెద్ద బండ్లకు మొదట పెట్టాలన్న ఆలోచనే మంచిది. మీ కొలీగ్ భయానికి సరైన మందు అదే. మన కారులో బ్రేకు ఉండటం కన్నా, మన వెనకాల వచ్చే టిప్పర్‌లో ఉంటే నాకు ఎక్కువ నిద్ర పడుతుంది.

డబ్బు మాట. ఆ రెండున్నర లక్షలు మొత్తం బ్రేకుకే పోవు. టాప్ మోడల్ అంటే సన్‌రూఫ్, పెద్ద స్క్రీన్, తోలు సీట్లు అన్నీ కలిపే అంటగడతారు. అడిగి చూడండి, కొన్ని కంపెనీలు ఒక మెట్టు కింది వేరియంట్‌లో కూడా ఇస్తున్నాయి. అందులో బైకులను, మనుషులను గుర్తుపట్టేది ఉందా, కార్లను మాత్రమేనా అన్నది కాగితం మీద చూపించమనండి. బడ్జెట్ బిగుతైతే దీన్ని వదులుకోండి కానీ ఆరు ఎయిర్‌బ్యాగులు, కారు అదుపు తప్పి జారకుండా పట్టే ఈఎస్‌సీ, కార్లను గుద్ది చూసి స్టార్లు ఇచ్చే భారత్ ఎన్‌క్యాప్‌లో మంచి రేటింగ్ ఉన్న బాడీ, వీటిని వదులుకోకండి. అరిగిన టైర్ల మీద ఎంత తెలివైన బ్రేకైనా జారుతుంది. వెనక సీట్లో బెల్టు పెట్టుకోని అత్తగారు ఉంటే, ఆ సడన్ బ్రేకుకే ఆవిడ ముందుకొచ్చి పడతారు.

కొన్నాక వచ్చే ఖర్చు ఒకటుంది, అది నాకు తగిలాకే తెలిసింది. పోయినేడాది నందిగామ దాటాక ముందు వెళ్తున్న టిప్పర్ నుంచి కంకర రాయి ఎగిరి నా కారు ముందు అద్దం పగిలింది. తక్కువకు వస్తుందని బయట ఒక షాపులో కొత్త అద్దం వేయించాను. రెండు గంటల్లో పని అయిపోయింది, కెమెరాను తీసి మళ్లీ అక్కడే బిగించారు. కేలిబ్రేషన్, అంటే కెమెరా గురి మళ్లీ సరిచూడటం, ఆ మాట వాళ్లెత్తలేదు, నేనూ అడగలేదు. మర్నాడు వారధి మీద లైను మధ్యలోనే వెళ్తున్నా స్టీరింగ్ ఎడమకు గుంజుతోంది. ఖాళీ రోడ్డు మీద రెండుసార్లు అరిచింది. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే వంద మీటర్ల దూరాన అది 1.75 మీటర్లు పక్కకి చూస్తుంది. అంటే సగం లేన్ తేడా. పక్క లేన్‌లో లారీని మన లేన్‌లో అనుకుంటుంది, మన లేన్‌లోదాన్ని పక్కది అనుకుంటుంది. చివరికి సర్వీస్ సెంటర్‌లో కేలిబ్రేషన్ చేయించాక కుదుటపడింది. మిగిలిందనుకున్న డబ్బు అక్కడే పోయింది. అద్దం మార్చినా, ముందు బంపర్ విప్పినా కేలిబ్రేషన్ చేశారా అని అడిగి, బిల్లులో రాయించండి. బంపర్ ముందు ఇనుప గార్డు పెట్టిస్తానని ఎవరైనా అంటే వద్దనండి. దాన్ని 2017 చివర్లోనే కేంద్రం నిషేధించింది, పైగా రాడార్‌కు అడ్డం.

ఇంకొకటి. బ్రేకు నిజంగా పడుతుందో లేదో చూద్దామని ఎవర్నీ ముందు నిలబెట్టి పరీక్ష చేయొద్దు. అట్టపెట్టెలతో కూడా వద్దు. మీ అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు తప్పకుండా ఉబలాటపడతాడు, ముందే చెప్పి ఉంచండి.

కారు వచ్చిన రోజు ఎలాగూ దుర్గమ్మ గుడికి తీసుకెళ్తారు. పూజారిగారికి ముందే చెప్పండి, పసుపు కుంకుమ బోనెట్ మీద పెట్టమని, ముందు అద్దం పైన మిర్రర్ దగ్గర పెట్టొద్దని. నిమ్మకాయలు, పచ్చిమిరపకాయల దండ గ్రిల్లు మధ్యలో వేలాడకుండా ఓ పక్కకి కట్టమనండి. బంతిపూల దండ కొండ దిగాక తీసి వెనక సీట్లో పెట్టుకోండి. లేకపోతే వారధి ఎక్కేలోపే "ముందు సెన్సర్‌కు అడ్డం వచ్చింది" అని కారు గోల మొదలుపెడుతుంది, మీ వారు "చెప్పానా" అంటారు.